అమ్మ జారిపడి చెయ్యి విరిగితే: ఆ నిమిషం నుంచి మూడో నెల దాకా ఇంటిల్లిపాదీ చేయాల్సినవి

ధనుర్మాసం, తెల్లవారుజామున ఐదున్నర. అమ్మ వాకిలి కడిగి, కళ్లాపి చల్లి, ముగ్గు గిన్నె తెచ్చుకుందామని లోపలికి తిరిగింది. గుమ్మం ముందు నున్నటి టైల్స్ మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. కాలు జారింది. పడుతూ పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతిని పొదివి పట్టుకుని, "ఏం కాలేదురా, కాస్త బెణికింది, అంతే" అంటోంది. మణికట్టు దగ్గర చెయ్యి మాత్రం గరిటె కాడలా వంగి ఉంది.

అరచెయ్యి ఆనించి పడినప్పుడు ముంజేతి ఎముక మణికట్టు దగ్గర ఇలా విరగడం చాలా మామూలట. ఐర్లండుకు చెందిన అబ్రహాం కాలిస్ అనే సర్జన్ 1814లోనే దీన్ని వివరించాడు, అందుకే డాక్టర్లు ఇప్పటికీ కాలిస్ ఫ్రాక్చర్ అంటారు. యాభై దాటిన ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ.

ఆ రోజు మేం కొన్ని సరిగ్గానే చేశాం, కొన్ని తప్పు చేశాం. నేను డాక్టర్ని కాను. ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు మాకు చెప్పినవి, మేం ఇంట్లో చేసి చూసినవి వరసగా రాస్తున్నాను. ఎముక సంగతి ఆసుపత్రి చూసుకుంటుంది. ఆ చెయ్యి రోజూ చేసే పనుల సంగతి మాత్రం ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. మాకు ఇది పది రోజులు ఆలస్యంగా అర్థమైంది, అందుకే ఆ భాగం కాస్త విడమరిచి చెబుతాను.

1. వెంటనే లేపకండి

పడినవాళ్లను చూడగానే చంకల కింద చేతులు పెట్టి లేపేస్తాం. అది వద్దు. పక్కనే కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడించండి. తలకు తగిలిందా? మెడ, నడుము, తుంటి నొప్పిగా ఉన్నాయా? కాళ్లు రెండూ కదుపుతున్నారా?

ఒక కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటికి వాలిపోయి ఉంటే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. అలాంటప్పుడు నిలబెట్టే ప్రయత్నమే చేయకుండా 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి వాంతులైనా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా అదే పని. గుండె జబ్బుకో, పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లయితే తలకు తగిలింది చిన్న దెబ్బే అనిపించినా ఆసుపత్రిలో చూపించాల్సిందే.

ఇంకో ప్రశ్న కూడా అప్పుడే అడగాలి: కాలు జారి పడ్డారా, కళ్లు తిరిగి పడ్డారా? కళ్లు తిరిగి పడితే షుగర్, బీపీ, ఈసీజీ చూడాలి. చెయ్యి విరిగిన హడావుడిలో ఈ సంగతి అందరూ మర్చిపోతారు. షుగర్ ఉన్నవాళ్లయితే ఇంట్లోనే గ్లూకోమీటరుతో చూసేయండి.

2. గాజులు, ఉంగరాలు ముందు తీసేయండి

నాకు తెలిసినంతలో ఆ పది నిమిషాల్లో ఇంతకంటే ముఖ్యమైన పని లేదు. చెయ్యి గంటలోపే వాచిపోతుంది. ఆ వాపులో బిగుసుకున్న ఉంగరం వేలికి రక్తం అందకుండా చేస్తుంది. ఆసుపత్రికి వెళ్లాక కత్తిరించాల్సి వస్తుంది.

అమ్మ చేతికి అరడజను మట్టిగాజులు, రెండు బంగారు గాజులు ఉన్నాయి. "మీ నాన్న ఉండగా గాజులు పగలగొట్టడమేంట్రా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు వాదన పెట్టుకోకూడదు. పక్కింటి పిన్నిగారు కొబ్బరినూనె గిన్నె తెచ్చి, అమ్మ చేతివేళ్లు దగ్గరికి చేర్చి, వేళ్ల మీదా అరచేతి అంచు మీదా నూనె రాసి, గాజులు ఒక్కోటిగా జార్చింది. తీసిన ప్రతి గాజునూ అప్పటికప్పుడే అమ్మ ఎడమచేతికి వేసింది. ఒక్కటీ పగల్లేదు, అమ్మా కాదనలేదు. మీ ఇంట్లోనూ ఇదే మాట వస్తే ఇలా చేసి చూడండి.

ఉంగరం సబ్బుకో, నూనెకో రాకపోతే దారం ఉపాయం ఉంది. కుట్టుదారం కొసను సూది మొండి కొనతో ఉంగరం కిందుగా అరచేతి వైపుకు దూర్చండి. పొడుగ్గా ఉన్న దారాన్ని ఉంగరం అంచు నుంచి వేలి కణుపు దాటేదాకా సందు లేకుండా బిగువుగా చుట్టండి. తర్వాత అరచేతి వైపు ఉన్న కొసను పట్టుకుని నెమ్మదిగా విప్పుతూ వస్తే ఉంగరం దారం మీదుగా ముందుకు జారుతుంది. వేలు నల్లబడుతున్నా, నొప్పి ఓర్చుకోలేకపోతున్నా ఆపేయండి. మిగతాది ఆసుపత్రిలో చూసుకుంటారు.

3. చెయ్యి ఎలా ఉందో అలాగే కట్టండి

వంకరగా ఉంది కదా అని లాగి సరిచేయకూడదు. మర్దన వద్దు, తైలం వద్దు, జండూబామ్ కూడా వద్దు. నాలుగైదు న్యూస్‌పేపర్లు కలిపి మడిస్తే గట్టి బద్దలా అవుతుంది. దాన్ని మోచేతి దగ్గర నుంచి వేళ్ల మొదళ్ల దాకా ముంజేతి కింద పెట్టి, మెత్తటి తువ్వాలు చుట్టి, పైన చున్నీతో వదులుగా కట్టండి. ఇంకో చున్నీ మెడకు వేసి, చెయ్యి గుండెకు కాస్త ఎత్తులో ఉండేలా ఉయ్యాలలా వేలాడదీయండి. వేళ్ల కొనలు పైకి కనిపిస్తూ ఉండాలి. వాటి రంగు చూడాలి కదా.

ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి. నేరుగా చర్మం మీద పెడితే చర్మం దెబ్బతింటుంది. చర్మం చిట్లి ఎముక బయటికి కనిపిస్తుంటే దాన్ని లోపలికి నొక్కకుండా శుభ్రమైన తడిగుడ్డ కప్పి వెంటనే బయల్దేరండి. పసుపు, కాఫీపొడి లాంటివి అద్దకండి.

మేం చేసిన తప్పు ఇక్కడే. వణుకుతోందని నాన్న అమ్మకు ఇడ్లీ పెట్టి కాఫీ ఇచ్చారు. ఆసుపత్రిలో ఎముక సరిచేయడానికి మత్తు ఇవ్వాలన్నారు, కడుపు ఖాళీగా లేదని ఆరు గంటలు ఆపారు. ఆ ఆరు గంటలూ అమ్మ వంకర చేత్తోనే బల్ల మీద పడుకుంది. డాక్టరు చూసేదాకా ఏమీ పెట్టకండి. నోరు తడుపుకోవడానికి గుక్కెడు నీళ్లు చాలు. షుగర్ పడిపోయి ఉంటే అది వేరే సంగతి, అప్పుడు చక్కెర ఇవ్వాల్సిందే.

4. బయల్దేరే ముందు

ఒక్క చెయ్యే విరిగి, మనిషి స్పృహలో ఉంటే కారులోనో, ఆటోలోనో తీసుకెళ్లొచ్చు, బండి మీద మాత్రం వద్దు. ఎక్స్‌రేతో పాటు ఎముకల డాక్టరు ఆ పూటే ఉండే ఆసుపత్రికి వెళ్లండి. ముందు ఫోన్ చేసి అడిగితే ఒక తిరుగుడు తప్పుతుంది. వాడే మందుల చీటీ, ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా ఇన్సూరెన్సు కార్డు, ఫోన్ చార్జరు, ఒక శాలువా సంచిలో పెట్టుకోండి. మందుల చీటీ దొరక్కపోతే మాత్రల డబ్బానే పట్టుకెళ్లండి.

5. డాక్టరు దగ్గర అడగాల్సినవి

ఎముక పక్కకు జరగకపోతే కట్టు చాలు. జరిగితే మత్తిచ్చి లాగి కూర్చోబెట్టి కట్టు వేస్తారు. ముక్కలైనా, కీలులోకి చీలిక వెళ్లినా ప్లేటు, స్క్రూలు అంటారు. వయసు పైబడినవాళ్లలో ఎక్స్‌రేలో కాస్త వంకర కనిపించినా, కట్టుతోనే చెయ్యి బాగా కోలుకోవడం మామూలే. అందుకని ఆపరేషన్ కావాలన్నా, అక్కర్లేదన్నా కారణమేంటో అడిగి తెలుసుకోండి. ఇంకో డాక్టరుకు ఎక్స్‌రే చూపించడంలో తప్పు లేదు, కాకపోతే ఆ ఒకటి రెండు రోజుల్లోనే చూపించాలి.

మొదట సగం పిండికట్టు వేసి, వాపు తగ్గాక పూర్తి కట్టు వేస్తారు. మొదటి రెండు వారాల్లో మళ్లీ ఎక్స్‌రే తీయించమంటారు. నొప్పి తగ్గింది కదా అని దాన్ని మానేయకండి. కట్టులో ఉండగానే ఎముక మళ్లీ జరిగిపోవచ్చు, అది పైకి తెలియదు.

పుత్తూరు కట్టు సంగతి ప్రతి ఇంట్లోనూ వస్తుంది. మా మేనమామ కారు మాట్లాడతానన్నాడు. తరతరాలుగా జనం నమ్మి వెళ్తున్న చోటు అది, నేనేం తీసిపారేయను. కానీ ఎక్కడికి వెళ్లినా ముందు ఎక్స్‌రే ఉండాలి. చర్మం చిట్లినా, వేళ్లు తిమ్మిరెక్కినా, కీలులోకి చీలిక ఉన్నా నాటు కట్టు జోలికి వెళ్లొద్దు. బద్దలు పెట్టి బిగించి కట్టిన కట్టు లోపల చెయ్యి వాస్తే రక్తం ఆగిపోతుంది.

6. మొదటి మూడు రాత్రులు

వాపు బాగా పెరిగేది ఈ రెండు మూడు రోజుల్లోనే. పడుకున్నప్పుడు చేతి కింద రెండు దిండ్లు పెట్టి గుండె కంటే ఎత్తులో ఉంచండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వేళ్లు పూర్తిగా ముడిచి, చాపమనండి. మోచెయ్యి, భుజం కూడా కదపాలి. మెడలో చున్నీ వేసుకుని రోజంతా అలాగే కూర్చుంటే కట్టు విప్పే నాటికి భుజం పట్టేస్తుంది.

వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే, తెల్లవారనివ్వకుండా ఆసుపత్రికి వెళ్లండి: మాత్రలు వేసినా తగ్గకుండా పెరిగే నొప్పి, వేళ్లు తెల్లగానో నీలంగానో మారడం, చల్లబడటం, తిమ్మిరి, వేలిని మెల్లగా చాపితే ఓర్చుకోలేనంత బాధ. చెయ్యి ఎత్తి పెట్టాక కూడా కట్టు బిగుతుగానే ఉందంటే "మొదట్లో అలాగే ఉంటుందిలే" అని సర్దిచెప్పుకోకండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఆ పరీక్ష నాన్నకు నేర్పాను. ఆయన మూడు రాత్రులూ టార్చి లైటు పట్టుకుని అమ్మ వేళ్లు చూశారు.

నొప్పికి డాక్టరు రాసిన మాత్రలే వాడండి. షుగర్, బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లకు మెడికల్ షాపులో అడిగి తెచ్చే నొప్పి మాత్రలు హాని చేయొచ్చు.

7. ఆ చెయ్యి చేసే పనులన్నీ కాగితం మీద రాయండి

మొదటి వారం మా ఇంట్లో అందరూ "అమ్మా, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నవాళ్లే. పదో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్తే అమ్మ ఎడమచేత్తో బియ్యం కడుగుతోంది. పిండికట్టు అంచు తడిసి మెత్తబడింది, మళ్లీ వెళ్లి వేయించాం. కోప్పడితే అంది: "రెస్ట్ తీసుకోమంటారు సరే, పప్పులోకి పోపు ఎవరు పెడతారు?"

నిజమే. విశ్రాంతి తీసుకోమని చెప్పాం, ఆమె పని మాత్రం మేం తీసుకోలేదు. నా భార్య స్కూల్లో టీచరు. చెప్పకుండానే సగం పని ఆమె మీద పడింది, మిగతా సగం ఎవరూ చూడకుండా అమ్మే చేసుకుంటోంది. ఏ ఇంట్లోనైనా జరిగేది ఇదే, కోడలు అలిసిపోతుంది, దెబ్బ తగిలినామె దాచుకుని చేస్తుంది.

ఆ సాయంత్రం అమ్మను అడిగి, పొద్దున లేచిన దగ్గర నుంచి ఆమె చేసే పనులన్నీ మా అబ్బాయి నోట్‌బుక్కులో రాశాం. నలభై మూడు తేలాయి. పాలు కాచి తోడు పెట్టడం, నాన్న మాత్రలు డబ్బాలో సర్దడం, మోటారు ఆపడం, తులసికి నీళ్లు, కూరలబండి అతనితో బేరం, గ్యాస్ బుక్ చేయడం. ఇవన్నీ పనులని మేం అనుకోలేదు.

మీరూ అలా రాయండి. రాశాక మూడు రకాలుగా విడదీయండి. రెండు నెలలు ఆగిపోయినా ఫరవాలేనివి కొట్టేయండి, ఆ ఏడాది మా ఇంట అరిసెల పని జాబితాలోంచి కొట్టేశాం. డబ్బుతో పోయేవి డబ్బుతో పోనివ్వండి. అంట్లకు మనిషిని పెట్టుకున్నాం, వారానికి మూడు రోజులు కర్రీ పాయింటు నుంచి కూరలు తెచ్చుకున్నాం. మిగిలినవాటికి ఒక్కో పేరు రాయండి, "అందరం చూసుకుందాం" అని వదిలేస్తే ఎవరూ చూడరు. మగవాళ్ల పేర్లు వంటింటి పనుల ఎదురుగా ఉండాలి. నాన్న డెబ్బై ఏళ్ల వయసులో అన్నం, చారు నేర్చుకున్నారు.

అమ్మ చేతిలో రెండు పనులు ఉంచండి, ఒక చేత్తో అయ్యేవి. మా అమ్మకు పాలవాడి లెక్క, నాన్న చారు రుచి చూసి చెప్పడం వదిలేశాం. ఏ పనీ లేకుండా కూర్చోబెడితే ఆమె మళ్లీ బియ్యం గిన్నె దగ్గరికే వెళ్తుంది.

8. స్నానం, జడ, చీర, అన్నం

బయటికి చెప్పుకోలేని ఇబ్బంది ఇక్కడ ఉంది. కుడిచెయ్యి విరిగితే తినడానికి కష్టం. ఎడమచేత్తో అన్నం తినడం అమ్మకు మనసొప్పలేదు. చెంచా ఇస్తే ఒప్పుకుంది. అన్నం కాస్త మెత్తగా కలిపి, లోతు గిన్నెలో పెడితే చెంచాకు సులువుగా వస్తుంది. ఎడమచెయ్యి విరిగితే మరుగుదొడ్డిలో కష్టం. ఆ రోజే ప్లంబర్ని పిలిచి అందుబాటులో జెట్ స్ప్రే పెట్టించండి, ఆమె అడిగేదాకా ఆగకండి, అడగదు.

స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వేయండి. కట్టు పైన చిన్న తువ్వాలు చుట్టి, దానిమీద రెండు పాలిథిన్ కవర్లు తొడిగి, మోచేతికి పైన టేపు వేయండి. చెయ్యి నీళ్లకు దూరంగా ఎత్తి పట్టుకోవాలి. కట్టులో దురద పుడితే పెన్నులు, పుల్లలు దూర్చనివ్వకండి. లోపల గీరుకుంటే పుండు పడుతుంది, కనిపించదు కూడా. పైనుంచి మెల్లగా తట్టండి, టేబుల్ ఫ్యాన్ గాలి పెట్టండి.

జాకెట్టు చెయ్యి కట్టు మీదుగా ఎక్కదు. రెండు పాత జాకెట్లకు కుడిచేతి కుట్టు విప్పించి నాడాలు కుట్టించాం. మిగతా రోజుల్లో ముందు గుండీలున్న వదులు నైటీలు వేసుకుంది. తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చేతికి ముందు, విప్పేటప్పుడు చివర. జడ నాన్న వేశారు. మొదటి రోజు చిక్కు తీయడానికే అరగంట పట్టింది. రెండోవారానికి అమ్మ అద్దం అడగడం మానేసింది.

సంతకం పెట్టాల్సిన పనులు ఏమున్నాయో చూసుకోండి. కుడిచేతికి కట్టుంటే సంతకం కలవక చెక్కు వెనక్కి రావచ్చు. బ్యాంకుకు వెళ్లి మేనేజరుతో ముందే మాట్లాడండి.

తిండి విషయంలో పెద్దవాళ్ల పత్యాలు పెట్టకండి. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ పనికిరాదు అంటారు. ఎముక అతకడానికి ఆ పప్పే కావాలి. గుడ్డు, పెరుగు, పాలు, పప్పు రోజూ పెట్టండి. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. యాభై దాటిన ఆడవాళ్లకు రోజుకు సుమారు 1,200 మిల్లీగ్రాములు కావాలి. నువ్వుపప్పు పొడి అన్నంలో కలిపి పెట్టండి.

9. ఖర్చు

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఇన్సూరెన్సు కంపెనీకి అదే రోజు తెలియజేయండి. ఎక్స్‌రే ఫిల్ములు, బిల్లులు, డిశ్చార్జి కాగితాలు ఒకే ఫైలులో పెట్టండి, ప్రతి కాగితం ఫోనులో ఫొటో తీసుకోండి. ప్రభుత్వ పథకం వర్తించే ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద మీ చికిత్స వస్తుందో లేదో అక్కడే అడగండి. తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. డెబ్బై నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఇంట్లో ఆ వయసువాళ్లుంటే ఏమీ జరగకముందే చేయించండి.

10. కట్టు విప్పాక

ఐదారు వారాలకు కట్టు విప్పుతారు. చెయ్యి సన్నబడి, చర్మం పొట్టు లేస్తూ, మణికట్టు కొయ్యలా బిగుసుకుని ఉంటుంది. చూసి అమ్మ ఏడ్చింది. అది అలాగే ఉండిపోదని ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఫిజియోథెరపీ మానకండి. గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టి మణికట్టు పైకీ కిందికీ పది పదిసార్లు, అరచెయ్యి బోర్లించడం, వెల్లకిలా తిప్పడం, మెత్తటి స్పాంజి బంతి నొక్కడం. పూటకు పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగు పూటలు. తర్వాత మెత్తటి చపాతీ పిండి పిసకడం. చెయ్యి ఎర్రబడి, మెరుస్తూ, ముట్టుకుంటే మండుతూ, వాపు తగ్గకుండా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. నీళ్ల బకెట్టు, కుక్కరు లాంటి బరువులు మూడు నెలల దాకా వద్దన్నారు మాకు.

11. ఎముక అంత తేలిగ్గా ఎందుకు విరిగింది?

నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండొచ్చు. కట్టు విప్పి పంపేటప్పుడు చాలాచోట్ల ఈ మాట చెప్పరు, మాకూ చెప్పలేదు. మీరే అడిగి ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష చేయించండి. డెక్సాలో వచ్చే టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అంటారు, దానికి మందులున్నాయి. ఈసారి మణికట్టు, మందు వాడకపోతే వచ్చేసారి తుంటి కావచ్చు. అమ్మకు ఇప్పుడు వారానికో మాత్ర నడుస్తోంది. పరగడుపున గ్లాసుడు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. ఆ అరగంటా వరండాలో నడుస్తుంది.

ఇక పడిన చోటు. మేస్త్రీని పిలిచి గుమ్మం ముందు నున్నటి టైల్స్ పీకించి గరుకువి వేయించాం, పక్క గోడకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించాం. బాత్రూములో కమోడ్ పక్కన ఇంకోటి. వరండా లైటు స్విచ్చి గుమ్మం లోపలికి మార్చాం. అరిగిపోయిన హవాయి చెప్పులు పారేశాం. మీ ఇంట్లో ఈ రోజే ఒకసారి తడికాళ్లతో వాకిట్లోంచి బాత్రూము దాకా నడిచి చూడండి, ఎక్కడ జారుతుందో పాదానికి తెలుస్తుంది.

వాకిలి ఇప్పుడు నేను కడుగుతున్నాను, తడి ఆరేదాకా అమ్మ గుమ్మం లోపలే ఉంటుంది. మూడో నెలలో ఫిజియోథెరపిస్టు, బొటనవేలు చూపుడువేలు కలిపి చిటికె పట్టే అభ్యాసం ఏదైనా చేయమన్నారు. అమ్మ నల్లపలక ఒళ్లో పెట్టుకుని బియ్యప్పిండితో మూడు చుక్కల ముగ్గు వేసింది. గీత వణికింది. చెరిపేసి మళ్లీ వేసింది.